సాలీళ్ళ లెక్కకి హెడ్‌ల్యాంప్: పదమూడు నెలల వాడకం తర్వాత

ఈ రకం హెడ్‌ల్యాంప్ గురించి కొండలెక్కేవాళ్ళు రాశారు, తెల్లవారుజామున పరుగెత్తేవాళ్ళు రాశారు, కరెంటు పోతే పనికొస్తుందని కొన్నవాళ్ళు రాశారు. నేను కొన్నది రాత్రిపూట సాలీళ్ళని లెక్కపెట్టడానికి. ఆ పనికి ఇది ఎలా ఉంటుందో ఎక్కడా కనబడలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

కంపెనీ పేరు చెప్పను. ఒకే అచ్చులో పోసినట్టుండే లైట్లు నాలుగైదు పేర్లతో తిరుగుతున్నాయి, నాది వాటిలో ఒకటి. ముందు రెండు ఎల్‌ఈడీలు: ఒకటి సూటిగా దూరం పడేది, ఇంకోటి దగ్గర్లో వెడల్పుగా పరుచుకునేది. పక్కన చిన్న ఎర్ర లైటు. నెత్తిన ఒకే ఒక్క బటన్. ఛార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ. పెట్టె మీద 400 ల్యూమెన్లు (అది వెలుతురు కొలత), 6 గంటలు అని పెద్ద అక్షరాలతో వేశారు. ఆ ఆరు గంటల సంగతి తర్వాత చెప్తాను, ఈ రివ్యూ రాయాలనిపించిందే దానివల్ల.

నేను జీవశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. పగలంతా పద్దులు సరిచూసే ఉద్యోగం. ఒక సెలవు రోజు గోడ మీద ఒక దూకే సాలీడు, నా వేలు ఎటు జరిపితే అటు ముఖం తిప్పి చూసింది. ఆ పూటతో పట్టుకుంది ఈ పిచ్చి. మూడేళ్ళుగా ఒకే చోటికి వెళ్తున్నాను: ఒక పాత తోట, దాన్ని ఆనుకుని గడ్డి నేల, మధ్యలో రాళ్ళ గోడ, అవతలి చివర వాగు. చూసి మురిసిపోయి ఇంటికొచ్చేయడం నా వల్ల కాదు. ఏ చోట ఎన్ని రకాలు, ఒక్కో రకం ఎన్ని, పుస్తకంలో పడాల్సిందే. పద్ధతి నేను కనిపెట్టిందేం కాదు. సాలీళ్ళ సర్వేలు చేసేవాళ్ళు గంటని కొలతగా పెట్టుకుంటారు. ఒక మనిషి, ఒక గంట, ఒకే రకం వెతుకులాట, అది ఒక నమూనా. మోకాలి కింద వెతకడం ఒక గంట, మోకాలి పైన వెతకడం ఇంకో గంట, కొమ్మలు దులపడం మరో గంట. అందరూ ఇదే కొలత వాడితే ఒక అడవిని ఇంకో అడవి పక్కన పెట్టి చూడొచ్చు.

మొదటి రెండేళ్ళు అంతా పగలే. చీకట్లో వెళ్ళడానికి భయం కాదు, బద్ధకం. ఈ లైటు వచ్చాక బద్ధకం పోయింది.

ముందు, లైటు తలకే ఎందుకు కట్టుకోవాలో చెప్పాలి, ఎందుకంటే కొనేముందు నాకూ తెలియదు. తోడేలు సాలీళ్ళని గడ్డిలో మీరు చూసే ఉంటారు: ఎక్కువ రకాలు గూడు కట్టవు, నేల మీద పరుగెత్తి పట్టుకుంటాయి. వాటికి ఎనిమిది కళ్ళు. ముందు వరుసలో చిన్నవి నాలుగు, వాటి పైన పెద్దవి రెండు, ఇంకా పైన వెనక్కి మరో రెండు. ముందువరుస నడిమి జంట తప్ప మిగతా కళ్ళ వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, పిల్లి కళ్ళలో ఉన్నట్టు. పడిన వెలుతురు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. దీపం మీ కంటి పక్కన ఉంటేనే ఆ మెరుపు మీ కంట్లో పడుతుంది. నడుము దగ్గర దీపం పట్టుకుంటే మెరుపు నడుము దగ్గరికే వెళ్తుంది, చూసేవాళ్ళు లేక వృథా అవుతుంది.

మొదటి రాత్రి మా తమ్ముడు తోడొచ్చాడు. వాడి చేతిలో నాదానికి రెట్టింపు వెలుతురున్న టార్చి. నడుము దగ్గర పట్టుకుని గడ్డి మీద అటూ ఇటూ కొట్టి, "ఏమీ లేవక్కా, పోదాం పద" అన్నాడు. అదే గడ్డిలో నాకు ఇరవై దాకా చుక్కలు మెరుస్తున్నాయి. "ఒరేయ్, ఆ టార్చి ఎత్తి ముక్కుకి ఆనించుకో" అన్నాను. వెక్కిరిస్తూనే ఎత్తాడు. కాసేపు మాటలేదు. తర్వాత మెల్లగా, "ఇవన్నీ ఇందాకా కూడా ఉన్నాయా?" అని ఒక కాలు వెనక్కి తీశాడు.

ఈ పని వరకూ లైటుకి పూర్తి మార్కులు. నుదుటి మీద కళ్ళకి నాలుగు వేళ్ళ ఎత్తులో కూర్చుంటుంది. ముందుకి వంచే కీలు గట్టిగా ఉంది, నడుస్తుంటే వాలిపోదు. సూటిగా పడే ఎల్‌ఈడీతో పది పన్నెండు అడుగులు వేసే దూరంలో ఉన్న కన్ను కూడా దొరుకుతుంది. వెడల్పుగా పడేది దారి చూసుకోవడానికి తప్ప కంటి మెరుపుకి పనికిరాదు. వెలుతురు పలచబడిపోయి గడ్డి అంతా ఒకేలా తెల్లగా కనబడుతుంది.

మంచు పడే రాత్రుల్లో మొదట్లో బాగా మోసపోయాను. ప్రతి గడ్డిపరక మీదా ఒక బొట్టు, ప్రతి బొట్టూ మెరుస్తుంది. రెండు రాత్రులు నీటి బొట్లని లెక్కపెట్టానేమో అని ఇప్పటికీ అనుమానమే. తర్వాత తేడా పట్టుబడింది. తల బెత్తెడు పక్కకి జరిపితే నీటి బొట్టు రంగు మారుస్తుంది, ఎర్రగా ఒకసారి, పచ్చగా ఒకసారి, ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంది. సాలీడు కన్ను అలా కాదు. నీలమూ ఆకుపచ్చా కలిసిన సన్నని చుక్క, సూదిమొన అంత, కదలకుండా మిమ్మల్నే చూస్తూ ఉంటుంది. దగ్గరికి వెళ్ళాక అది ఒక అడుగు పక్కకి వేస్తే సందేహం తీరినట్టే.

ఒక రాత్రి గోడ పక్కన చుక్క కాదు, చుక్కల ముద్ద కనబడింది. పెద్దవి రెండు, వాటి వెనక పిండి చల్లినట్టు లెక్కలేనన్ని. మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే తల్లి. తోడేలు సాలీళ్ళు గుడ్ల సంచిని వెనక తగిలించుకుని తిరుగుతాయి, పిల్లలు బయటికొచ్చాక వీపు మీద మోస్తాయి. ఆ పిల్లల కళ్ళకి కూడా అద్దాలున్నాయి. తల్లి కదిలినప్పుడల్లా ఆ పిండి అంతా ఒక్కసారి మినుకుమని సర్దుకుంటోంది. పుస్తకంలో దాన్ని ఎన్నిగా రాయాలో తెలియక ఒకటి అని రాశాను.

గూళ్ళు వెతకడానికి మాత్రం తల మీద లైటు సుఖం కాదు. ముందు నుంచి పడే వెలుతురులో దారం మాయమైపోతుంది, మొహానికి తగిలాక తెలుస్తుంది. పక్క నుంచి వెలుతురు పడాలి. అందుకని పట్టీ తీసి, లైటుని చెయ్యి చాపి పక్కన పట్టుకుని చూస్తాను. అప్పుడు చక్రంలా అల్లిన గూడు మొత్తం గాలిలో గీసినట్టు కనబడుతుంది. చాలా గుండ్రటి గూళ్ళవాళ్ళు చీకటి పడేటప్పుడు అల్లుతారు, కొన్నయితే తెల్లారేలోపు ఆ గూటిని తామే తినేసి ఆకు చాటుకి వెళ్ళిపోతాయి. పగలు వెళ్ళినవాళ్ళకి అక్కడ ఒక గూడు ఉండేదన్న గుర్తు కూడా మిగలదు. పట్టీ త్వరగా ఊడి రావడం, త్వరగా బిగించుకోవడం నాకు అందుకే ముఖ్యం. ఇందులో అది ఫరవాలేదు.

ఇక నా జాబితా ఏమైందో చెప్తాను. రెండేళ్ళ పగటి పుస్తకంలో చాలా రకాల పక్కన "1" అని ఉండేది. అంటే ఒక్కసారి, ఒక్కటే దొరికింది. అవి అపురూపమైనవని నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది. ఉదాహరణకి చెట్టు బెరడు కింద కాగితంలా అతుక్కుని దొరికిన ఒక పెద్ద వేట సాలీడు. హెడ్‌ల్యాంప్‌తో వెళ్ళిన మూడో రాత్రికి అదే రకం ప్రతి రెండో చెట్టు మీదా ఉంది, తలకిందులుగా, కాళ్ళు చాపుకుని, కళ్ళు మెరిపిస్తూ. అది అపురూపం కాదు, రాత్రి ఉద్యోగి. గోడ మొదట్లో నేలలో కలుగు చేసుకుని దానికి మూత పెట్టుకునే తలుపు సాలీడు కూడా అంతే. పగలు దాని మూత మట్టిలో మట్టి, నేను దాని మీదే ఎన్నిసార్లు కాలేశానో. రాత్రి ఆ మూత అగ్గిపుల్ల మందాన తెరుచుకుని ఉంటుంది, అంచున కాళ్ళ కొసలు మాత్రం బయటికి. ఒక్క అడుగు బరువుగా వేశారా, టప్పున మూత. వెలుతురు కన్నా నేల అదురే దానికి ముఖ్యం. మెత్తటి అడుగులతో వెళ్తే లైటు మీద పెట్టినా కాసేపు అలాగే ఉంటుంది.

ఈ "1"ల లెక్క చిన్న విషయం కాదు. ఉష్ణమండలంలో పురుగులు, సాలీళ్ళ మీద జరిగిన చాలా సర్వేలు కలిపి చూస్తే దొరికిన జాతుల్లో సగటున 32 శాతం ఇలా ఒక్కటే దొరికినవని తేలింది. తైవాన్ గణాంక శాస్త్రవేత్త ఆన్ చావో 1984లో ఇచ్చిన లెక్క ఒకటి అందరూ వాడతారు. ఒక్కసారే దొరికిన రకాల సంఖ్యని దానితోనే హెచ్చవేసి, రెండుసార్లు దొరికిన రకాల సంఖ్యకి రెట్టింపుతో భాగిస్తే, ఇంకా కనబడకుండా మిగిలిన రకాలు కనీసం ఎన్నో ఒక అంచనా వస్తుంది. అంటే పుస్తకంలో ఒకట్లు ఎక్కువుంటే అక్కడ అపురూపాలు ఎక్కువని కాదు, నేను వెతికింది తక్కువని అర్థం. పద్దుల మనిషిని కాబట్టి నాకిది వెంటనే తలకెక్కింది. లైటు వచ్చాక నా ఒకట్లలో చాలా భాగం పదులూ ఇరవైలూ అయిపోయాయి. గర్వం కూడా ఆ మేరకు తగ్గింది.

ఇప్పుడు ఆరు గంటల సంగతి.

నా నడక ఎప్పుడూ ఒకటే వరుస. ఎనిమిదింటికి తోట వైపు గడ్డిలో ఒక గంట, తర్వాత వాగు వైపు గడ్డిలో ఒక గంట. లైటు ఎప్పుడూ హైలోనే. గడ్డి ఎత్తు రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. నాలుగు నెలలు అలా నడిచాక పుస్తకం చూసుకుంటే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడింది: వాగు వైపు తోడేలు సాలీళ్ళు తోట వైపు ఉన్నవాటిలో సగం కూడా లేవు. ఒక రాత్రి 63కి 27. ఇంకో రాత్రి 58కి 22. ప్రతిసారీ అంతే. నాకు భలే సంతోషం వేసింది. వంద అడుగుల దూరంలో ఇంత తేడా అంటే ఏదో కారణం ఉండాలి కదా. తడి నేల పడదేమో, వాగు ఒడ్డున కప్పలు తినేస్తున్నాయేమో, ఒక పేజీ నిండా ఊహలు రాశాను. తోడేలు సాలీళ్ళలో వాగుల ఒడ్లంటే ప్రాణం పెట్టే రకాలు చాలా ఉన్నాయని చదివి కూడా, నా చోటు వేరేమో అనుకున్నాను.

ఒక శనివారం తోట వైపు దారి బురదై వెళ్ళే వీల్లేకపోయింది. మా తమ్ముడు, "అక్కా, వాగు వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి రాకూడదా, ఏమవుతుంది?" అన్నాడు. ఏమయిందంటే, వాగు గడ్డిలో 61 కళ్ళ జతలు. గంట తర్వాత తోట గడ్డిలో 25.

ఇద్దరం అక్కడే నిలబడిపోయాం. సాలీళ్ళు చోటు మార్చుకోలేదు. మారింది నా నుదుటి మీద లైటు.

ఇంటికొచ్చి, బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, చీకటి గదిలో గోడకి తెల్ల కాగితం అంటించి, లైటు హైలో పెట్టి, ఫోన్ కెమెరా సెట్టింగులు కదలకుండా పెట్టి పది నిమిషాలకోసారి ఫోటో తీశాను. మొదటి రెండు ఫోటోలకే తేడా తెలిసిపోయింది. గంట అయ్యేసరికి మొదటి ఫోటో పక్కన పెడితే అదొక దీపం, ఇదొక దీపం. ఎదురుగా కూర్చున్న నాకు మాత్రం ఏమీ మారినట్టు అనిపించలేదు! కళ్ళు కొద్దికొద్దిగా సర్దుకుంటూ పోతాయి, అదే వచ్చిన చిక్కు. కాగితం తెల్లగానే కనబడుతుంది, పన్నెండు అడుగుల అవతల సూదిమొనంత కన్ను మాత్రం కనబడటం మానేస్తుంది.

పెట్టె మీద రాసింది అబద్ధం కూడా కాదు, అది తెలిశాకే నాకు ఎక్కువ ఒళ్ళు మండింది. టార్చిలకి ఎఫ్‌ఎల్ 1 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం "ఎన్ని గంటలు" అనేది లైటు మొదటి వెలుతురులో పదో వంతుకి పడిపోయేదాకా కొలుస్తారు. అంటే 400తో మొదలై 40కి దిగినా అది వెలుగుతున్న కిందే లెక్క. పైగా వేడెక్కిపోకుండా హై మోడ్‌ని లైటే కాసేపటికి తగ్గించుకుంటుంది. దారి చూసుకునేవాళ్ళకి ఇది సమస్య కాదు. లెక్కపెట్టేవాళ్ళకి మాత్రం గజం కర్ర నడుస్తుండగా కురచ అయిపోయినట్టే.

నాలుగు నెలల పేజీల మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టాను. ఆడిట్‌లో వేరేవాళ్ళ పుస్తకాల మీద కొట్టడం అలవాటే, సొంత పుస్తకం మీద కొట్టడం మొదటిసారి.

ఇదే లైటు మీడియంలో పెడితే చాలా నిలకడగా ఉంది. అదే కాగితం, అవే ఫోటోలు, రెండు గంటల దాకా కంటికే కాదు ఫోన్‌కి కూడా తేడా తెలియలేదు. దూరం కొంచెం తగ్గుతుంది, ఎనిమిది అడుగుల అవతలివి పోతాయి, కానీ మొదటి గంటలో ఎన్ని పోతాయో రెండో గంటలోనూ అన్నే పోతాయి. నాకు కావలసింది అదే. కాబట్టి ఈ పని కోసం కొనేవాళ్ళు 400 చూసి కొనకండి. మీడియంలో ఎంత వెలుగుతుంది, ఎంతసేపు తగ్గకుండా ఉంటుంది అని చూసుకోండి. ఇప్పుడు ప్రతి నమూనాకీ ఏ మోడ్, ఛార్జ్ పెట్టి ఎంతసేపయింది అని రెండు గళ్ళు పెట్టుకున్నాను. ఒక వారం తోట నుంచి, ఒక వారం వాగు నుంచి.

లైటు చూపించనివి కూడా చెప్పాలి, లేకపోతే నా జాబితా చూసి సాలీళ్ళంటే తోడేళ్ళే అనుకుంటారు. దూకే సాలీళ్ళది అన్నిటికన్నా పెద్ద కుటుంబం, 6,000కి పైగా జాతులు. వాటి కళ్ళలో ఆ అద్దం లేదు. పగలు అంత చురుగ్గా చూసే జీవి రాత్రి నా వెలుతురులో నల్ల బొట్టు. కొన్ని రాత్రంతా ఒక దారానికి వేలాడి పడుకుంటాయి. 2022లో జర్మనీలో కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అలా వేలాడే పిల్ల సాలీళ్ళని రాత్రంతా వీడియో తీస్తే, పారదర్శకమైన ఒంటిలోంచి కంటి లోపలి గొట్టాలు కదలడం, కాళ్ళు అదరడం కనబడ్డాయి. మనం కలలు కనే నిద్రలాంటిదేమో అని వాళ్ళ ఊహ. నాకు వేలాడేవి ఇప్పటిదాకా రెండే దొరికాయి, రెండూ మొహానికి తగలబోయి. ఇక రాలిన ఆకుల కింద మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల సైజులో బతికే గుంపు ఉంది. లినిఫిడే కుటుంబంలో అలాంటివి వేలకొద్దీ జాతులు, చల్లటి ఉత్తర ప్రాంతాల్లో ఎక్కువ. వాటికి జల్లెడ కావాలి, లైటు కాదు. చెట్టు కొనల్లో ఉండేవి సరే సరి. తలకి కట్టుకున్న దీపం తల ఎత్తు ప్రపంచాన్నే చూపిస్తుంది.

కన్ను మెరిసినంత మాత్రాన జాతి పేరు రాదు, ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి. తోడేలు సాలీళ్ళే 2,400కి పైగా జాతులు. ఎదిగిన ఆడదాని పొట్ట అడుగు, మగదాని మూతి పక్కన ఉండే బాక్సింగ్ గ్లవుల్లాంటి అవయవాలు సూక్ష్మదర్శినిలో చూస్తే తప్ప చాలావాటికి పేరు పెట్టలేం. దొరికేవాటిలో సగానికి పైగా పిల్లలే, వాటికి అది కూడా కుదరదు. ఫోటో పెడితే పేరు చెప్పే యాప్ ఒకటి వాడి చూశాను. అది నా గడ్డిలోని ఒక సాలీడుకి పూర్తి జాతి పేరు ధైర్యంగా చెప్పేసింది, కానీ ఆ జాతి ఉండేది సముద్రానికి అవతలి ఖండంలో. అందుకే నా పుస్తకంలో పేర్లు తక్కువ, "గోధుమ రంగు, వీపు మీద నిలువు చార, గడ్డి" లాంటివి ఎక్కువ.

ఈ ఖండాల సంగతి నా లైటు రివ్యూలోకి ఎందుకొచ్చిందంటే, ఏ సాలీడు ఎక్కడుంటుంది అని ప్రపంచం గీసుకున్న పటాలు కూడా నా గడ్డి లెక్కలాగే ఉన్నాయేమోనని ఇప్పుడు అనుమానంగా చూస్తున్నాను. వరల్డ్ స్పైడర్ కేటలాగ్‌లో 2022 ఏప్రిల్‌లో 50,000వ జాతి చేరింది. దక్షిణ అమెరికాకి చెందిన దూకే సాలీడు అది, గురియూరియస్ మినువానో. అంత పెద్ద జాబితాలో ప్రతి పేరు పక్కనా దొరికిన దేశాలు ఉంటాయి. దొరికిన చోటు వేరు, బతికే చోటు వేరు. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ గుత్తి సాలీడు, పెసీలోథీరియా మెటాలికా. నీలం రంగులో మెరిసిపోయే పెద్ద టరాంటులా. 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ దాన్ని వర్ణించింది గుత్తిలో దొరికిన ఒకే ఒక్క నమూనాతో. అంటే పుస్తక భాషలో "1". ఆ తర్వాత నూరేళ్ళకి పైగా ఎవరికీ కనబడలేదు. 2001లో మళ్ళీ దొరికింది, అదీ గుత్తిలో కాదు, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. మొదటిది దొరికింది రైల్వే కలప దగ్గర. రైల్లో కలపతో పాటు అక్కడికి చేరి ఉంటుందని ఇప్పటి అంచనా. పేరు రైలు దిగిన ఊరిదైంది. అసలు ఇల్లు వంద చదరపు కిలోమీటర్లు కూడా లేని అడవి ముక్క. అది ఉండేది చెట్టు తొర్రల్లో, బయటికొచ్చేది రాత్రి. అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్నవాటి జాబితాలో ఉంది.

కొన్ని సాలీళ్ళు దీనికి పూర్తిగా తిరగబడ్డ రకం. పిల్లలు గడ్డి కొస ఎక్కి, పొట్ట ఎత్తి, దారం గాలికి వదిలి దాంతో పాటు ఎగిరిపోతాయి. 1832లో బీగిల్ ఓడ తీరానికి అరవై మైళ్ళ దూరంలో ఉండగా ఓడ తాళ్ళ నిండా ఇలా వచ్చి వాలిన చిన్న సాలీళ్ళని డార్విన్ చూశాడు. ఇంకొన్ని మనుషుల సామాన్లతో తిరుగుతాయి. గోడల మీద కనబడే పెద్ద హెటెరోపోడా వెనటోరియా వెచ్చటి దేశాలన్నిటికీ ఓడల్లోనే పాకింది. కాబట్టి ఇంటి గోడ మీది సాలీళ్ళు ఏ దేశంలోనైనా ఇంచుమించు చుట్టాలే. ఇంటి వెనక పొదలోకి వెళ్తేనే లెక్క మారుతుంది. కలుగులో కూర్చునే తలుపు సాలీళ్ళు, టరాంటులాలు ఎగరవు. ఎక్కువ జాతుల్లో ఆడది పుట్టిన చోటికి నాలుగడుగుల్లో ఇల్లు కట్టుకుంటుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక ఆడ తలుపు సాలీడుని పరిశోధకులు ఏళ్ళ తరబడి ఒకే కలుగులో గమనించారు, 43 ఏళ్ళు బతికింది. అలాంటివాటికి ఒక కొండ పక్కన ఒక జాతి, ఆ పక్క కొండకి ఇంకో జాతి. అలాంటి చోట నాలాగా వెలుతురు తగ్గిన గంటలో ఎవరో నడిచి "ఇక్కడ లేదు" అని రాసుకుంటే, ఆ ఖాళీ అలాగే పటంలో మిగిలిపోతుంది.

సరే, లైటు దగ్గరికి వద్దాం. చిన్న చిన్న ఫిర్యాదులు.

ఒక్క బటన్ పెద్ద తలనొప్పి. హై, మీడియం, లో, ఎర్రది, ఆ తర్వాత టపటపా కొట్టుకునే ఫ్లాష్, అప్పుడు గానీ ఆఫ్ రాదు. ఆర్పబోయిన ప్రతిసారీ ఆ ఫ్లాష్ మా తమ్ముడి మొహాన పడుతుంది. "నా వైపు తిరిగి మాట్లాడకక్కా" అనేది వాడి ఊతపదమైపోయింది. ఇప్పుడు ఇద్దరం పక్కపక్కన నిలబడి ఎదురుగా చీకటితో మాట్లాడినట్టు మాట్లాడుకుంటాం. ఎర్ర లైటులో కంటి మెరుపు నాకు దాదాపు కనబడదు, పుస్తకం రాసుకోవడానికి మాత్రం హాయిగా ఉంటుంది, చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెదరవు.

తెల్ల వెలుతురు మరీ నీలంగా ఉంది. గోధుమ రంగు సాలీళ్ళన్నీ బూడిద రంగులో కనబడతాయి, మొదట్లో "బూడిద రంగు" అని రాసుకున్నవి మూడు రకాలు పగలు చూస్తే ఒకటే గోధుమ రకం.

పురుగులు. వర్షాకాలంలో మెరుపుల్ని వెతుక్కుంటూ నేను వెళ్తే, నా మెరుపుని వెతుక్కుంటూ అవి వస్తాయి. నోరు మూసుకుని లెక్కపెట్టడం నేర్చుకున్నాను. ఇది లైటు తప్పు కాదు, ఏ లైటుకైనా అంతే.

పట్టీ చెమటకి ఎనిమిదో నెలలో వదులైంది. కుట్టు వేసుకున్నాను. సన్నటి వానకి ఏమీ కాలేదు, ఒకసారి వాగులో పడ్డా తుడిస్తే వెలిగింది. ఛార్జింగ్ రంధ్రానికున్న రబ్బరు మూత మాత్రం ఊడేలా ఉంది. బ్యాటరీ ఎంత మిగిలిందో చూపించే గుర్తు ఏదీ లేదు, అన్నిటికన్నా ఇదే పెద్ద లోటు. ఒక చిన్న దీపం పెట్టి ఉంటే నా నాలుగు నెలలు మిగిలేవి.

ఐదుకి మూడున్నర. మీడియంలో నిలకడకి, నుదుటి మీద సరిగ్గా కూర్చున్నందుకు. మిగతా ఒకటిన్నర బటన్‌కీ, పెట్టె మీది ఆరు గంటలకీ.

ఎర్ర గీత కొట్టిన పేజీలకి బదులు మళ్ళీ నడుస్తున్నాను, ఇంకా రెండు నెలలవి మిగిలాయి. మొన్న మా తమ్ముడు కూడా ఒక హెడ్‌ల్యాంప్ కొనుక్కున్నాడు. నాదానికన్నా పెద్దది, 1,000 ల్యూమెన్లట. పెట్టె నా మొహం ముందు ఊపుతూ, "చూడక్కా, ఎనిమిది గంటలు!" అన్నాడు. వచ్చే శనివారం వాడిని హైలో పెట్టుకోమని, ముందు తోట వైపు పంపిస్తున్నాను.